కప్పు చుట్టూ పల్లం: మూడేళ్లు వాడాక నా పట్టింగ్ గ్రీన్

పెరట్లో కృత్రిమ గడ్డితో పట్టింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని దొర్లించి కప్పు అనే రంధ్రంలో వేసే చోటు, వేయించుకుని మూడేళ్లు దాటింది. మొదటి ఏడాది ఎవరడిగినా కళ్లు మూసుకుని వేయించుకోమన్నాను. ఇప్పుడైతే కప్పు చుట్టూ దిమ్మిస ఎలా కొడతారో ముందు కనుక్కోమంటున్నాను.

గడ్డి రకం, పోగు ఎత్తు, ఇసుక లెక్క అమ్మేవాళ్లే చెప్తారు, వాటి జోలికి పోను. నా బాధంతా 108 మిల్లీమీటర్ల ఆ రంధ్రం దగ్గరే.

రెండో వానాకాలం వెళ్లాక నా పట్‌లు, అంటే బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బలు, ఉన్నట్టుండి బాగుపడ్డాయి. ఐదడుగుల నుంచి కొడితే పదికి తొమ్మిది పడేవి. పక్కనుంచి పోతుందనుకున్న బంతి కూడా చివరి జానెడులో మెల్లగా వంగి లోపలికి జారేది. రోజూ చేసిన సాధన ఫలించిందని మనసారా నమ్మాను. గోల్ఫ్ కోర్సులో మాత్రం అవే దూరాలు వరసగా తప్పాయి. పటర్ (పట్ కొట్టే కర్ర) పట్టుకునే తీరు మార్చాను, నిలబడే తీరు మార్చాను. నెలన్నర ఊరికే పోయింది.

ఒక పొద్దున గడ్డి మంచుతో తడిసి ఉంది. బంతి దొర్లిన జాడ గీత గీసినట్టు తిన్నగా వచ్చి, కప్పుకి జానెడు ముందు కుడికి తిరిగింది. అవతలి వైపు నుంచి ఇంకో బంతి కొట్టాను. ఆ జాడా కప్పు వైపే తిరిగింది. ఒక పక్కకి లాగితే వాలు అనుకోవచ్చు, రెండు పక్కల నుంచీ లోపలికే లాగుతోందంటే అక్కడ పల్లం పడినట్టే. అల్యూమినియం బద్ద తెచ్చి కప్పు మీదుగా అడ్డంగా పెట్టాను. కింద వెలుగు కనపడింది. అంచు దగ్గర చిటికెన వేలు దూరింది.

వేసినవాళ్లు కంకర, రాతిపొడి పరిచి గట్టిగా దిమ్మిస కొట్టిన మాట నిజమే. కానీ కప్పు కోసం ఆ తర్వాత గొయ్యి తవ్వి, చుట్టూ సందుని వదులు పొడితో పూడ్చి వదిలేశారు. నీళ్లు ఇంకడానికి కప్పు కింద కంకర గుంత లేదు. వాన నీళ్లు కప్పులోనే నిలిచి, పక్కలకి ఊరుతూ సన్నపొడిని కిందికి లాక్కుపోయాయి. వాన వెలిసినప్పుడల్లా స్పాంజితో కప్పులో నీళ్లు తోడుతూనే ఉన్నాను. అప్పుడే అనుమానించాల్సింది.

బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. దగ్గరి అంచు నుంచి గడ్డి లేపి, కప్పు పెకలించి, దాని కింద అడుగు లోతు తవ్వి కంకర నింపాం. చుట్టూ రాతిపొడిని కొంచెం కొంచెంగా పోసి, తడిపి, చేతి దిమ్మిసతో పొర పొరకీ కొట్టాం. గడ్డి మళ్లీ పరిచి పోగుల మధ్యకి ఇసుక బ్రష్ చేశాక కొన్ని వారాలు బంతి మందంగా దొర్లింది. స్టింప్‌మీటర్ (బంతిని దొర్లించి గ్రీన్ వేగం కొలిచే బద్ద) పెడితే అంతకుముందు పదకొండు అడుగులు పోయేది తొమ్మిది దగ్గర ఆగింది. ఇసుక సర్దుకున్నాక పాత వేగం వచ్చింది. ఇప్పుడు ఐదడుగుల నుంచి పదికి ఆరో ఏడో పడుతున్నాయి. కోర్సులోనూ ఇంచుమించు అంతే. ఆ రెండు లెక్కలూ కలిసినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

ఏ పనీ ఉండదని మొదట్లో నేనే అన్నాను. కోత, ఎరువు, రోజూ నీళ్లు లేవు, అంతవరకు సరే. ఆకులు ఊడ్వాలి, వారానికోసారి పోగుకి ఎదురుగా బ్రష్ కొట్టాలి, చెట్టు నీడ పడే మూలలో పాచి గీకాలి. మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్లతో అడుగు పెట్టలేం.

నాకు కోర్సు గంట ప్రయాణం, పొద్దున్నే దొరికేది అరగంట. చిన్న పట్‌లకి నాకింతకన్నా దారి లేదు. చిప్ షాట్ల (బంతిని కొంచెం పైకి లేపి దగ్గరకి వేసే దెబ్బల) కోసమైతే వేయించుకోమనను, ఈ గట్టి నేల మీద బంతి వేరేలా ఎగురుతుంది. కోర్సు పక్కనే ఉన్నవాళ్లకి అసలు అవసరమే ఉండకపోవచ్చు.

బద్ద ఇప్పుడు పెరటి గోడకే ఆనించి ఉంటుంది. మొన్నటి పెద్ద వాన తర్వాత కప్పు మీద పెట్టి చూశాను. వెలుగు కనపడలేదు.