గోడకు మడిచే డెస్క్: విశాఖ గాలికి ఆగుతుందా?

ఇంటి నుంచి పని, ఇల్లేమో డబుల్ బెడ్‌రూమ్. అలాంటప్పుడు మడత డెస్క్ మంచి ఉపాయమే. 18 అంగుళాల లోతుది మాత్రం ల్యాప్‌టాప్‌కే సరి. మానిటర్ పెట్టాలంటే 24 అడగండి.

అసలు గొడవ ఉప్పుగాలితో. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వైపు మామూలు ఇనుప బందులు తుప్పు పట్టి కిర్రుమంటాయి. బందులకు 304 గ్రేడు కంటే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. పార్టికల్ బోర్డు అంచు టేపు లేచిందా, తేమ పీల్చి ఉబ్బుతుంది, స్క్రూలు వదులవుతాయి. ధర ఎక్కువైనా మరిగే నీటికీ తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్డే నయం.

బిగించేటప్పుడు, డ్రిల్లు ప్లాస్టరు దాటాక తెల్లటి మెత్తని పొడి సులువుగా రాలితే అది ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు ఇటుక. డెస్క్‌తో వచ్చే మామూలు స్క్రూ ప్లగ్గులు అందులో నిలవవు, ఊడొస్తాయి. ఆ బ్లాకులకని అమ్మేవే కొనాలి. పలక నేల నుంచి 29 అంగుళాల ఎత్తులో, కిటికీ మీకు పక్కగా వచ్చేలా పెట్టించండి. కిటికీ మీ వెనక ఉంటే స్క్రీన్ నిండా వెలుగే.