తడి చెత్త: బండికి ఇవ్వాలా, అపార్ట్‌మెంట్‌లోనే ఎరువు చేయాలా?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో రెండు నెలలుగా ఇదే చర్చ. బండికి ఇస్తే సులువు, పొద్దున్నే బకెట్ బయట పెడితే చాలు. కానీ ఆ చెత్త కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా వెళ్తుంది, అక్కడ చెత్తతో నడిచే కరెంటు ప్లాంటు ఉన్నా కూరగాయల తొక్కల్లో, మిగిలిన అన్నంలో ఉండేది ఎక్కువగా నీళ్లే కదా, ఆరితే తప్ప సరిగా మండవు, మండినా మట్టికి తిరిగి చేరాల్సిన సారం బూడిదైపోతుంది.

ఎరువుకి ఓపిక కావాలి. డ్రమ్ముకి చిల్లులు పెట్టి, ఒక వరుస తొక్కలు, పైన ఎండుటాకులో కొబ్బరి పొట్టో, కాస్త పుల్ల మజ్జిగ. వారానికోసారి తిరగేస్తే సుమారు రెండు నెలల్లో మట్టి వాసన వచ్చే ఎరువు. మన వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడి సరుకు బాగా వేయాలి, లేదంటే పురుగులు, కంపు, కింది ఇంటివాళ్లతో గొడవ. ఒక్కరే చేస్తే నెలకే విసుగొస్తుంది, ఇంటికో వారం వంతు పెట్టుకుంటేనే నడుస్తుంది.

నా ఓటు ఎరువుకే. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే కాంప్లెక్సులు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని కేంద్రం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి, మాది చిన్నదే అయినా రెండు డ్రమ్ములతో మొదలుపెట్టాం. ఎముకలు, శానిటరీ ప్యాడ్లు మాత్రం విడిగా కట్టి బండికే ఇస్తున్నాం.