కుక్క గుర్రుమనడం మాన్పిస్తామనే శిక్షణ కేంద్రాలతో జాగ్రత్త

కుక్కకు కోపం ఎక్కువైందని, ఎవరినైనా కరుస్తుందేమోనని భయపడి, నెల రోజులు తమ దగ్గరే ఉంచుకుని గ్యారంటీగా మార్చి పంపుతామనే శిక్షణ కేంద్రాలకు డబ్బు కట్టబోతున్న విజయవాడ, గుంటూరు ప్రాంతాలవారు దయచేసి ఇది పూర్తిగా చదివి నిర్ణయించుకోండి. నగర శివారులోని అలాంటి ఒక కేంద్రం మా లాబ్రడార్‌ను అసలు గుర్రుమనకుండా చేసి పంపింది. అది గుర్రుమని హెచ్చరించడం మానేయడం వల్లనే మా ఇంట్లో పిల్లవాడు కాటుకు గురయ్యాడు.

మా బ్రూనో చిన్నప్పటి నుంచి సాధువైన కుక్క. వర్షాకాలం మొదలయ్యాక తల మీద చెయ్యి వేసినా, మెడకు బెల్టు కట్టబోయినా గుర్రుమనసాగింది. కేంద్రం నిర్వాహకుడు దాన్ని కాసేపు కూడా గమనించకుండానే, ఇంట్లో పెద్ద తానేనని అది అనుకుంటోందని, ఆ పొగరు అణిస్తే దారికొస్తుందని తేల్చేసి, పాతిక వేల రూపాయలు ముందుగానే కట్టించుకున్నాడు. పశువైద్యుడికి చూపించారా అన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మమ్మల్ని చూస్తే దాని ధ్యాస చెదురుతుందంటూ శిక్షణ జరిగే చోటికి రానివ్వలేదు. అప్పుడప్పుడు పంపిన చిన్న చిన్న వీడియోల్లో బ్రూనో తోకను కాళ్ళ మధ్య ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి కూర్చుని ఉండేది. దాన్నే వాళ్ళు క్రమశిక్షణ అన్నారు.

ఇంటికి వచ్చాక తల నిమిరినా కిమ్మనలేదు. ఒక సాయంత్రం మా అన్నయ్య కొడుకు దాని చెవి దగ్గర చెయ్యి పెట్టగానే, అప్పటివరకు నోరు తెరిచి వగరుస్తున్న కుక్క టక్కున నోరు మూసి, ఒళ్ళంతా బిగబట్టి, తల కదపకుండా కళ్ళు మాత్రం ఓరగా తిప్పింది. కంటిలోని తెల్లగుడ్డు నెలవంకలా బయటపడింది. గొంతులోంచి చిన్న శబ్దమైనా రాకుండానే పిల్లవాడి ముంజేయిని కరిచింది. గాయాన్ని కుళాయి నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. టీకాలు వేయించిన ఇంటి కుక్క కరిచినా ఇది తప్పనిసరి. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు రేబీస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా అవసరమవుతుంది.

మరునాడు పశువైద్యురాలు పరీక్షిస్తే రెండు చెవుల్లోనూ ఇన్ఫెక్షన్ ముదిరి ఉంది. వేలాడే చెవులున్న జాతులకు మన తేమ వాతావరణంలో ఇది తరచుగా వచ్చే జబ్బేనట. తర్వాత ఆమె మెడ మీది వెంట్రుకలను పాయలు తీసి చూపించారు. గొంతు పక్కన, రెండు వేళ్ళ ఎడంలో, పక్కపక్కనే రెండు గుండ్రటి పుండ్లు అట్టకట్టి ఉన్నాయి. షాక్ కాలర్‌కు ఉండే రెండు లోహపు మొనలు చర్మానికి ఒరుసుకున్న చోట్లు అవి. నొప్పి పుడుతోందని చెప్పుకున్న జీవికి, చెప్పినప్పుడల్లా కరెంటు పెట్టారన్నమాట.

గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. అంతకుముందే అది పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది, బిగుసుకుపోతుంది. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది, చివరికి కరుస్తుంది. ఆ చప్పుడును శిక్షతో నొక్కేస్తే భయమూ నొప్పీ అలాగే ఉండిపోతాయి, మనకు తప్పుకునే వ్యవధి మాత్రం పోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కొట్టడం లేదా తన్నడం ప్రయోగించిన కుక్కల్లో 43 శాతం, బలవంతంగా వెల్లకిలా పడేసి అదిమిపట్టిన వాటిలో 31 శాతం తిరిగి దూకుడు చూపాయని తేలింది. ఇక కుక్క ఇంట్లో పెద్ద తానేనని అనుకుంటుందనే ఆ పెత్తనం సిద్ధాంతం, బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు 1947లో రాసినదాని నుంచి పుట్టింది. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే తల్లిదండ్రులు, వాటి పిల్లలు కలిసిన కుటుంబమేనని తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా రాశారు. అయినా ఆ పాత మాటను అడ్డం పెట్టుకుని ఇవాళ్టికీ మన దగ్గర డబ్బు వసూలు చేయడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

కాబట్టి కుక్క స్వభావం ఉన్నట్టుండి మారితే ముందు చెవులు, పళ్ళు, కీళ్ళు, చర్మం, థైరాయిడ్ పరీక్ష చేయించండి. గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది. జబ్బు లేదని తేలాకే శిక్షకుడి దగ్గరకు వెళ్ళండి. చెప్పిన మాట కుక్క వినకపోతే ఏం చేస్తారని అతన్ని సూటిగా అడగండి. షాక్ కాలర్, ముళ్ళ కాలర్, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ అన్న మాట వచ్చినా, మీ ఎదుట శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకోకపోయినా, ఇక కరవదని హామీ ఇచ్చినా అక్కడితో ఆపేయండి. ప్రాణమున్న దేని ప్రవర్తనకూ ఎవరూ అలాంటి హామీ ఇవ్వలేరు. మంచి శిక్షకుడు కుక్క దేనికి భయపడుతోందో కనిపెట్టి, అది తట్టుకోగలిగినంత దూరం నుంచి మొదలుపెట్టి, ఇష్టమైన తిండితో కొద్దికొద్దిగా అలవాటు చేస్తాడు. మేమిప్పుడు చెవి మందు వేసేటప్పుడు చేస్తున్నది అదే: సీసా చూపించగానే ఉడికించిన కోడిమాంసం ముక్క, చెవి ముట్టుకోగానే మరో ముక్క. ఇంటికి పిల్లలు వస్తే బ్రూనోను వేరే గదిలో ఉంచుతున్నాం. వగర్చడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్టలాంటి మూతిచిక్కాన్ని కూడా నెమ్మదిగా అలవాటు చేస్తున్నాం.

కుక్కపిల్లను కొనబోయేవారికీ ఒక మాట. కుక్కపిల్ల మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు చూసినవాటినీ, కలిసినవారినీ తేలిగ్గా అంగీకరిస్తుంది. పళ్ళతో ఎంత గట్టిగా పట్టుకుంటే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో తోబుట్టువులతో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం.

శిక్షకుడు ఎన్ని హామీలిచ్చినా, కుక్క వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా చూడవలసిన బాధ్యత దాన్ని పెంచుకునేవారిదే. నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. డబ్బు తీసుకుని ఇలాంటి సేవ అందించినవారిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మాకు రసీదు ఇవ్వలేదు గనుక ఫోన్‌పే చెల్లింపు వివరాలు, వాట్సాప్ సందేశాలు, పుండ్ల ఫొటోలు, వైద్యురాలి చీటీ జతచేసి ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాం. మీ కుక్క ఇప్పుడు ఇలాంటి చోట ఉంటే, ముందుగా చెప్పకుండా ఇవాళే వెళ్ళి చూడండి. బెల్టు తీయించి, మెడ చుట్టూ వెంట్రుకలు విడదీసి చర్మాన్ని పరిశీలించండి. చూడనివ్వకపోతే మాట్లాడుతూ కూర్చోకుండా దాన్ని ఇంటికి తెచ్చుకోండి.