పెద్ద సైజు ప్రింటర్ కొనేవాళ్లకు హెచ్చరిక: ఫోటో కాదు, చిన్న అక్షరాలు వేయించి చూడండి

ఇళ్ల ప్లాన్లు వేసుకోవడానికి 36 అంగుళాల ఇంక్‌జెట్ ప్రింటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినతను నా కళ్ల ముందే పెద్ద పూల ఫోటో వేసి చూపించాడు. రంగులు కళకళలాడుతుంటే ఇంకేమీ అడగకుండా డబ్బు కట్టేశాను.

మొదటి ప్లాన్ వేయగానే గుండె జారిపోయింది. కొలతల అంకెలు అలుక్కుపోయి 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు. గదుల పేర్లు తెలుగులో ఉన్నాయి, వాటి పరిస్థితి ఇంకా ఘోరం. వత్తులు నల్లటి మచ్చలైపోయాయి, ‘ప’కీ ‘ఫ’కీ తేడా లేదు. ప్లాన్‌లో ఒక్క అంకె తప్పు చదివితే గోడే తప్పు చోట లేస్తుంది.

ఫోన్ చేస్తే "మీ ఫైల్‌లోనే లోపం, రిజల్యూషన్ పెంచండి" అన్నాడు. ఆ మాట నమ్మి రెండు వారాలు, సగం రోల్ కాగితం పోగొట్టుకున్నాను. ఫైల్ వల్ల కూడా ఇలా జరుగుతుంది, కాదనను. ప్లాన్‌ని 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) జేపెగ్‌గా సేవ్ చేస్తే 6 పాయింట్ల అక్షరం ఎత్తుకి పన్నెండు, పదమూడు పిక్సెళ్లే దక్కుతాయి. కానీ నాది వెక్టర్ పీడీఎఫ్, అంటే ఎంత పెద్దది చేసినా గీతలు మసకబారని ఫైల్, అక్షరాలు కూడా ఒక్క నలుపు ఇంకుతోనే పడేలా పెట్టుకున్నవి.

చివరికి తేల్చింది ఒక చిన్న పరీక్ష. ప్లాన్‌లోని చిన్న అక్షరాల నాలుగు లైన్లనే ఒకసారి మామూలుగా, ఒకసారి 90 డిగ్రీలు తిప్పి, ఒకే కాగితం మీద వేసి భూతద్దంతో చూశాను. మామూలుగా వేసినప్పుడు ‘1’ అంకె నిలువు గీత పక్కపక్కనే రెండు గీతలుగా కనిపించింది. తిప్పి వేసినప్పుడు అదే గీత శుభ్రంగా వచ్చింది, ఈసారి ‘4’ అడ్డగీత రెండైంది. అంటే మసక అక్షరంతో పాటు తిరగడం లేదు, ఇంకు చల్లే హెడ్ అటూ ఇటూ కదిలే దిశలోనే ఉంటోంది. లోపం ఫైల్‌ది కాదు, మెషిన్‌ది.

హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇంకు చల్లుతుంది. రెండుసార్లూ చుక్కలు ఒకే చోట పడకపోతే సన్న గీత రెండవుతుంది. ఫోటోలో ఆ తేడా రంగుల్లో కలిసిపోయి కంటికి ఆనదు, అందుకే నాకు పూలు అంత బాగా కనిపించాయి. మూత తీసి చూస్తే హెడ్ తన స్థానం తెలుసుకునే పారదర్శక ప్లాస్టిక్ పట్టీ, అదే ఎన్‌కోడర్ స్ట్రిప్, నిండా ఇంకు మరకలు. నూలు రాలని గుడ్డను నీటితో కాస్త తడిపి మెల్లగా తుడిచాను. దయచేసి స్పిరిట్ వాడకండి, పట్టీ మీది సన్న గీతలు చెరిగిపోవచ్చు. హెడ్‌కీ కాగితానికీ మధ్య ఎత్తు కూడా మందపాటి కాగితానికి పెట్టి వదిలేశారు. దాన్ని తగ్గించి, రెండుసార్లూ చుక్కలు ఒకే చోట పడేలా అలైన్‌మెంట్ చేశాక చాలా మెరుగైంది, కానీ రెండు రోజులకే మళ్లీ మొదటికొచ్చింది. హెడ్‌ని మోసుకు తిరిగే బండి, అంటే క్యారేజ్, జారే బుష్‌లు అరిగిపోయాయని మెకానిక్ చెప్పాడు. ఇప్పుడు ఒకే దిశలో ప్రింటయ్యేలా పెట్టుకుని నడిపిస్తున్నాను, అక్షరాలు బాగున్నాయి గానీ ఒక్కో ప్లాన్‌కి దాదాపు రెట్టింపు సమయం. వాపసు అడిగితే "ఫోటో బాగానే వచ్చింది కదా" అని ఫోన్ పెట్టేశాడు.

కొనబోయే ముందు మీ ఫైల్ మీరే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అందులో 6 పాయింట్ల తెలుగు అక్షరాలు, అంకెలు మామూలుగా, తిప్పి రెండు రకాలుగా ఉండాలి. మీరు రోజూ వాడే కాగితం మీదే, రెండు దిశల ప్రింటింగ్ ఆన్‌లో ఉంచి వేయించండి. నాజిల్ చెక్ (ఇంకు వచ్చే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే ప్రింట్) అడగండి, కానీ అది బాగుందని ఆగిపోకండి. నా మెషిన్‌లో నాజిళ్లన్నీ బాగానే ఉన్నాయి. కాగితం ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున మూడుచోట్లా భూతద్దం పెట్టి చూడండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.