హెచ్‌పీ5 ప్లస్ 4×5 షీట్లు పుష్ చేయడం: కోనసీమ మసక వెలుతురులో కొన్నేళ్లు వాడాక

ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ (400 వేగం ఉన్న నలుపు తెలుపు ఫిల్మ్) 4×5 అంగుళాల షీట్లు, వాటిని డెవలప్ చేయడానికి మైక్రోఫెన్ డెవలపర్. ఈ జతని కొన్నేళ్లుగా కోనసీమలో తక్కువ వెలుతురులో వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కెమెరా ముందు మనిషి ఉంటే పుష్ చేయండి (అంటే ఫిల్మ్‌కి ఉన్నదానికంటే ఎక్కువ వేగం ఉందనుకుని మీటర్ పెట్టి, తర్వాత ఎక్కువసేపు డెవలప్ చేయండి), లేకపోతే ట్రైపాడ్ ఉండనే ఉంది, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచండి.

400 ఫిల్మ్‌కి 1600 అని మీటర్ పెట్టామంటే రెండు స్టాపులు తక్కువ వెలుతురు ఇచ్చామన్నమాట (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). వెలుతురు పడని నీడల్లో, తర్వాత డెవలపర్‌లో ఎంతసేపు ఉంచినా ఏమీ రాదు. పడినచోట, అంటే మొహాలు, తెల్ల పంచెలు, బల్బు చుట్టుపక్కల, నెగటివ్ ఇంకా ఇంకా దట్టమవుతుంది. మైక్రోఫెన్ ఫెనిడోన్ అనే రసాయనంతో చేసిన డెవలపర్ కాబట్టి నీడలకి కొంచెం కలిసొస్తుంది, నా నెగటివ్‌లు చూస్తే అర స్టాపు దాకా. మిగతాదంతా కాంట్రాస్టే.

కాబట్టి వెలుతురు ఎంత ఉందన్నదాని కంటే ఎలా ఉందన్నది చూసుకోవాలి. పుష్యమాసం పొగమంచులో లంక రేవు, ముసురు పట్టిన రోజు వీధి అరుగు, బండారులంక వైపు మగ్గం గదుల్లో మబ్బు మధ్యాహ్నం, ఇవన్నీ చీకటిగానే ఉంటాయి కానీ వెలుతురు అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుంది. అక్కడ 1600 చాలా బాగుంటుంది, చప్పగా రావాల్సిన నెగటివ్‌కి ప్రాణం వస్తుంది. మండువా లోగిలి ఇళ్లలో మాత్రం వద్దు. నడిమధ్య ఆకాశం వెలుగు, చుట్టూ చీకటి వసారా. పుష్ చేస్తే మండువా తెల్లగా మాడిపోతుంది, వసారాలో దూలాలు కనిపించవు. అలాంటి ఇంట్లో 200కి మీటర్ పెట్టి డెవలప్‌మెంట్ తగ్గించడమే నయం.

పుష్ నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పొయ్యిల దగ్గర. లోపల నా 150 ఎంఎం లెన్సు పూర్తిగా తెరిచినా ఎఫ్/5.6 దగ్గరే ఆగుతుంది, చిన్న కెమెరాల్లోలా అంతకంటే ఎన్నో రెట్లు వెలుతురు ఇచ్చే ఎఫ్/1.4 దొరకదు. 400కి పావు సెకను అని చూపించే చోట 1600కి 1/15 వస్తుంది. ఆ పావు సెకనులో బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ లాగుతున్న ఆవిడ తల కూడా కదిలిపోతుంది. 1/15లో చేయి మాత్రమే కదిలినట్టు తెలుస్తుంది, మొహం నిలుస్తుంది. నాకు కావాల్సింది అదే. మొహంలో నీడ వైపు స్పాట్ మీటర్ (ఒక్క చిన్న చోటునే కొలిచే మీటర్) పెట్టి ఒక్క స్టాపు తగ్గిస్తాను, మంట నేరుగా ఫ్రేములోకి రాకుండా కుండ వెనక్కి పోయేలా నిలబడతాను.

గ్రెయిన్ (బొమ్మలో కనిపించే ఫిల్మ్ రేణువులు) గురించి భయపడకండి. 4×5 నెగటివ్ 35 ఎంఎం ఫ్రేము కంటే దాదాపు 13 రెట్లు పెద్దది, 8×10 ప్రింటుకి రెండింతలు పెంచితే చాలు. 35 ఎంఎంలో ఇసకలా కనిపించే 1600 ఇక్కడ నున్నగా వస్తుంది.

మనుషులు లేని రాత్రి బొమ్మలకి, రేవులో కట్టేసిన పడవలు, గుడి గోపురం లాంటివాటికి పుష్ అవసరం లేదని పైన అన్నాను, ఒక్క సందర్భం తప్ప. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కాబట్టి, ఇల్ఫోర్డ్ లెక్క ప్రకారం ఒక సెకను దాటితే మీటర్ చూపిన సమయాన్ని 1.31 ఘాతానికి పెంచాలి. అంటే 400కి 30 సెకన్లు చూపిస్తే నిజంగా ఇవ్వాల్సింది 86. అదే 800కి పెడితే 15 చూపిస్తుంది, ఇవ్వాల్సింది 35. ఆటు పోటు వల్ల పడవ ఊగుతుంటే ఆ తేడా చాలా పెద్దది.

ఇక మన ఎండలు. మైక్రోఫెన్ స్టాకులో (అదనంగా నీళ్లు కలిపి పలచన చేయని ద్రావణం) 1600కి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు అని ఉంటుంది. వేసవిలో మా ట్యాంకు నీళ్లే 30 దాటుతాయి, 20కి దించి పట్టుకోవడం పెద్ద టెన్షన్. 24కి దించి ఏడున్నర నిమిషాలు చేస్తాను, నాకు కుదిరింది. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయకండి, పలచనవుతుంది; సీసాలో గడ్డకట్టించి బయట నీళ్ల తొట్టిలో పెట్టండి. ఫిక్సరు, కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి, ఎమల్షన్ (ఫిల్మ్ మీది పూత) మెత్తబడి ఉంటుంది కాబట్టి వేలు తగిలినా గీత పడుతుంది. పుష్‌కి ఎప్పుడూ కొత్తగా కలిపిన స్టాకే వాడతాను. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ పెట్టెని వెంటనే తెరవొద్దు, మా గాలిలో ఉన్న తేమంతా షీట్ల మీద చేరుతుంది, కొన్ని గంటలు బయట ఉంచాకే హోల్డర్లలోకి ఎక్కించండి.

3200 కూడా చేయొచ్చని కంపెనీ కాగితంలో ఉంది, 16 నిమిషాలు. చేసి చూశాను, నీడలు గాజులా ఖాళీ. షీటు ఖరీదు తలుచుకుంటే నేను మళ్లీ చేయను. ఎక్కువసార్లు 800, మనిషి కదులుతుంటే 1600, అక్కడితో ఆపుతున్నాను.