ఆక్సీటెట్రాసైక్లిన్ పొడి: ఏ పిల్ల తెగులుకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు

తేనెటీగల పెట్టెలో లార్వాలు (పిల్ల పురుగులు) చనిపోతున్నాయని చెబితే చాలు, ఎక్కువ మంది చెప్పే మందు ఈ ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్కే. నేను వాడింది నీళ్లలో కరిగే పొడి. ఫౌల్‌బ్రూడ్ అంటే బాక్టీరియా వల్ల లార్వాలకు వచ్చే తెగులు, అందులో రెండు రకాలున్నాయి. యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ విషయంలో దీనికి మంచి మార్కులే వేస్తాను. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అయితే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. నా చేతికొచ్చిన ప్యాకెట్ మీద ఈ రెండు జబ్బుల్నీ ఒకే వరసలో రాసి "నివారణకు, చికిత్సకు" అని అచ్చేశారు. నా పేచీ అంతా అక్కడే.

ముందు మంచి సంగతి. పుప్పొడి సరిగా అందని రోజుల్లో ఒక పెట్టెలో ఈగలు ఇంకా మైనంతో మూత వేయని గదుల్లోనే లార్వాలు చనిపోవడం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న లార్వా తెల్లగా నిగనిగలాడుతూ గది అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఇవేమో పసుపు తిరిగి, మెలికపడి, గోడకు జారిపోయి ఉన్నాయి. ఫ్రేమ్‌ను (ఈగలు పట్టు కట్టే చట్రాన్ని) వెలుతురుకు పెట్టి చూస్తే ఒంట్లోని శ్వాసనాళాలు తెల్లటి గీతల్లా కనబడ్డాయి. కొద్దిగా పుల్లటి వాసన. టెస్ట్ కిట్‌తో యూరోపియన్ ఫౌల్‌బ్రూడే అని ఖాయం చేసుకుని, పశువైద్యుడు రాసిచ్చిన మోతాదులో మందు మొదలుపెట్టాను.

ఈ పొడిని పాకంలో కలిపితే త్వరగా సత్తువ కోల్పోతుంది. అందుకే మెత్తటి పంచదార పొడిలో కలిపి చల్లడం మేలు. ఫ్రేముల పైపట్టీల చివర్ల మీద మాత్రమే చల్లాలి. మూత పడని లార్వాల మీద నేరుగా పడితే అవి చచ్చిపోతాయి. అమెరికా లేబుళ్ల ప్రకారం ఒక్కో ఈగల కుటుంబానికి ఒక్కో విడతకు 200 మిల్లీగ్రాముల అసలు మందు, నాలుగైదు రోజుల ఎడంతో మూడు విడతలు. ఇక్కడ ఒక చిక్కుంది. 200 మిల్లీగ్రాములంటే పొడి బరువు కాదు, అందులో ఉన్న ఆక్సీటెట్రాసైక్లిన్ బరువు. ప్యాకెట్‌ను బట్టి గాఢత మారుతుంది. చెంచా లెక్క పెట్టుకోకుండా, గ్రాములు తూచే చిన్న త్రాసు వాడండి.

మూడు విడతలూ అయ్యాక కొత్తగా పుట్టిన లార్వాలు తెల్లగా, నిండుగా కనబడ్డాయి. క్రెడిట్ అంతా మందుదే అనను. రాణిని మార్చాను, మేత కూడా పెట్టాను. కూలి ఈగలు బలం పుంజుకుని చచ్చిన లార్వాల్ని లాగి పారేశాయి. ఈ జబ్బు తెచ్చే మెలిసోకోకస్ ప్లూటోనియస్ బాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో చాలాకాలం నిద్రాణంగా ఉండే రూపాలు) కట్టదు. కాబట్టి మందు దాన్ని అణిచిపెట్టి ఈగలకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. అందుకు ఇది నిజంగా మంచి మందు.

అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ సంగతి వేరు. అది సాధారణంగా మూత పడ్డ గదుల్లో బయటపడుతుంది. మూతలు లోపలికి కుంగి, నల్లబడి, జిడ్డుగా, చిల్లులు పడి ఉంటాయి. అలాంటి గదిలో అగ్గిపుల్ల దూర్చి మెల్లగా పైకి లాగండి. గోధుమరంగు జిగురు రెండు మూడు సెంటీమీటర్ల తీగలా సాగితే ఈ జబ్బేనని దాదాపు ఖాయమైనట్టే. ఎండిపోయాక అదే గది గోడకు నల్లటి పెచ్చులా అంటుకుంటుంది, ఈగలు గీకినా ఊడదు. ఆ పెచ్చు నిండా పీనిబాసిల్లస్ లార్వే స్పోర్లే. అవి దశాబ్దాల తరబడి బతికే ఉంటాయి. ఆక్సీటెట్రాసైక్లిన్ పెరుగుతున్న బాక్టీరియాను అడ్డుకుంటుంది కానీ స్పోర్ల జోలికి పోలేదు. మందు వేసినన్నాళ్లూ ఫ్రేములు శుభ్రంగా కనబడతాయి, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. ఈలోపు ఆ పెట్టెలోని ఫ్రేము ఇంకో పెట్టెకు, అక్కడి తేనె ఇంకో కుటుంబానికి చేరిపోతాయి. న్యూజిలాండ్‌లో ఇలాంటి కుటుంబాల్ని మందులతో నెట్టుకురాకుండా తగలబెట్టేది ఇందుకే. ఈగల్ని కాల్చడం ఎంత బాధో నాకు తెలుసు. అయినా పక్క పెట్టెల్ని కాపాడే దారి అదే.

ఇక "నివారణకు" అన్న మాట. జబ్బు లేకుండా ఏటా ముందు జాగ్రత్తగా ఈ పొడి చల్లడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అలా వాడీ వాడీ ఈ మందుకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చింది, దాంతో అమెరికాలో 2005లో టైలోసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. పైగా టెట్రాసైక్లిన్ ఈగల పేగుల్లోని మంచి బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. పాత తేనెపట్టు తీసేయడం, ఫ్రేములు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మార్చకపోవడం, ఊరూపేరూ తెలియని తేనె మేతగా పెట్టకపోవడం, ఇదీ నా లెక్కలో నివారణ. 2023 జనవరిలో అమెరికాలో అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌కు టీకాకు షరతులతో కూడిన లైసెన్సు వచ్చినట్టు ప్రకటించారు. దాన్ని మేతలో కలిపి కూలి ఈగలకు ఇస్తారు, వాటి ద్వారా అది రాణికి చేరుతుంది. నాకు దాని మీదే ఆశ ఎక్కువ.

సున్నం తెగులు బూజు వల్ల, సంచి తెగులు వైరస్ వల్ల వస్తాయి. వాటికి ఈ పొడి దండగ.

తేనె విషయంలో రాజీ పడొద్దు. మందు ఆపాక తేనె ప్రవాహం (పూల నుంచి మకరందం బాగా దొరికే కాలం) మొదలయ్యేలోపు కనీసం 6 వారాల ఎడం ఉండాలి. మందు వేసే రోజుల్లో తేనె అర (తేనె తీసుకోవడానికి పైన పెట్టే పెట్టె) పెట్టె మీద ఉండకూడదు, అప్పుడు చేరిన తేనె మనుషులు తినడానికి తీయకూడదు. యూరప్‌కు తేనె పంపేవాళ్లయితే అవశేషాల పరీక్ష సంగతి ముందే చూసుకోండి.

ప్యాకింగ్‌కు తక్కువ మార్కులే. ఒకసారి తెరిస్తే మళ్లీ మూసే జిప్ లేదు, తేమకు పొడి గడ్డకడుతోంది. కొలత చెంచా లేదు. తయారీదారు వీటిని తర్వాత సరిచేసినా పర్లేదు. "ఈ మందు స్పోర్లను చంపదు" అన్న వాక్యం మాత్రం తర్వాతి బ్యాచ్ నుంచే పెద్దక్షరాల్లో ప్యాకెట్ ముందువైపు వేయాలి.