టెక్సస్ ట్రక్ లైసెన్సు: ఇంట్రాస్టేటా, ఇంటర్‌స్టేటా? ఏది మేలు?

టెక్సస్‌లో సీడీఎల్‌కి (భారీ వాణిజ్య వాహనాల లైసెన్సు) దరఖాస్తు పెట్టేటప్పుడు సెల్ఫ్ సర్టిఫికేషన్ తప్పదు. రాష్ట్రంలోపలి సరుకే (ఇంట్రాస్టేట్) తోలుతారా, అంతర్రాష్ట్ర సరుకు (ఇంటర్‌స్టేట్) కూడానా అన్నది అక్కడే రాసివ్వాలి. 21 నిండినవాళ్లు మరో ఆలోచన లేకుండా ఇంటర్‌స్టేట్ పెట్టుకోవచ్చు. చిక్కంతా 18 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లకే. ఇంటర్‌స్టేట్‌కి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రూల్ 21 ఏళ్లు అడుగుతుంది. ఇంట్రాస్టేట్‌కి టెక్సస్‌లో 18 చాలు, కాకపోతే లైసెన్సు మీద ‘కె’ అనే రెస్ట్రిక్షన్ పడుతుంది. రాష్ట్రంలోపలి సరుకే, రాష్ట్రంలోపలే తోలాలని దాని అర్థం.

ఇంట్రాస్టేట్ అయితే ట్రైనింగ్ ఖర్చు తప్పుతుందని కొందరి లెక్క. తప్పదు. మొదటిసారి క్లాస్ ఏ (ట్రెయిలర్ లాగే భారీ ట్రక్కు) గానీ బీ (ఒంటి భారీ ట్రక్కు) గానీ తీసుకునేవాళ్లు 2022 ఫిబ్రవరి 7 నుంచి ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న స్కూల్లోనే నేర్చుకోవాలి. నేర్చుకునే పర్మిట్ వచ్చాక 14 రోజులు ఆగాకే డ్రైవింగ్ టెస్టు. డ్రగ్ టెస్టుల్లో దొరికినవాళ్ల వివరాలుండే ఫెడరల్ జాబితా ‘క్లియరింగ్‌హౌస్’ కూడా రెండు రకాల డ్రైవర్లకీ ఒక్కటే.

తేడా ఉన్నది పనిగంటల్లో. ఫెడరల్ లెక్కలో 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలు నడపొచ్చు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. టెక్సస్ లెక్కలో 8 గంటల విశ్రాంతికి 12 గంటల డ్రైవింగ్, డ్యూటీ 15 గంటలు. డబ్బు ఎక్కువే, ఒళ్లు హూనమయ్యేదీ ఎక్కువే.

అసలు దెబ్బతినేది సరుకు దగ్గర. బండి రాష్ట్రం సరిహద్దు దాటకపోతే ఇంట్రాస్టేటే అనుకుంటారు. చట్టం చూసేది బండి చక్రాలను కాదు, సరుకు ప్రయాణాన్ని. వియత్నాం నుంచి హ్యూస్టన్ పోర్టులో దిగిన కంటైనర్‌ను శాన్ ఆంటోనియోకి చేరవేస్తే, ట్రక్కు టెక్సస్ దాటకపోయినా అది ఇంటర్‌స్టేట్ లోడే. టెక్సస్ క్వారీ కంకర టెక్సస్ కాంక్రీట్ ప్లాంటుకు వెళ్తే ఇంట్రాస్టేట్. చేతికిచ్చే కాగితంలో బయల్దేరిన చోటు ‘హ్యూస్టన్’ అని మాత్రమే ఉండొచ్చు. దాన్ని నమ్ముకోకుండా సరుకు మొదట ఎక్కడ ఎక్కింది, చివరికి ఎక్కడ దిగాలి అని లోడ్లు అప్పగించే డిస్పాచర్‌ని అడిగి రాయించుకోవాలి. ‘కె’ ఉన్న కుర్రాడు ఆ కంటైనర్‌తో తనిఖీకి దొరికితే బండి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి 21 లోపువాళ్లు కంకర, ఇసుక, రెడీమిక్స్ లాంటి పనులే చూసుకోవడం క్షేమం. పోర్టు పని జోలికి పోవద్దు.

ఇంటర్‌స్టేట్ నడపాలంటే ఆరోగ్య పరీక్ష పాసై మెడికల్ కార్డు తీసుకోవాలి, అది గరిష్ఠంగా రెండేళ్లకు ఇస్తారు. బీపీ 140/90 లోపుంటేనే ఆ రెండేళ్లు. 140-159 లేదా 90-99 ఉంటే ఏడాదే. మామూలుగా ఒక్కో కంటికీ 20/40 చూపు ఉండాలి, అద్దాలతోనైనా సరే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మూడు నెలల షుగర్ రీడింగులు చూపించి తమ డాక్టరుతో ఫారం నింపించుకోవాలి. ఆ ఫారం నింపిన 45 రోజుల్లోగా మెడికల్ కార్డు పరీక్ష మొదలవ్వాలి. చాలామంది ముందే నింపించుకుని, అపాయింట్‌మెంట్ ఆలస్యమై మళ్లీ డాక్టరు దగ్గరికి తిరుగుతారు. ఇంగ్లిష్ కూడా కావాలి: 2025 జూన్ 25 నుంచి రోడ్డు మీద అధికారి అడిగినదానికి జవాబు చెప్పలేకపోయినా, బోర్డులు చదవలేకపోయినా డ్రైవరును బండి నడపనివ్వకుండా అక్కడే ఆపేస్తున్నారు.

21 నిండిన రోజున ‘కె’ దానంతటదే పోదు. లైసెన్సులిచ్చే డీపీఎస్ (టెక్సస్ ప్రజా భద్రతా శాఖ) ఆఫీసుకు వెళ్లి సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇంటర్‌స్టేట్‌కి మార్చి, చెల్లుబాటులో ఉన్న మెడికల్ కార్డుతో కొత్త లైసెన్సు తీసుకున్నాకే పోర్టు లోడు ఎత్తాలి.